సినిమా హాల్లో పుట్టిన పాట: స్టాక్స్ రికార్డ్స్ కథ
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరువి కదా, సాంకేతిక విషయం ఏదైనా మాట్లాడు" అన్నారు కార్యదర్శి గారు. "కానీ ఎవరికీ నిద్ర రాకూడదు" అని కూడా అన్నారు. ఈ రెండు షరతులకూ సరిపోయే విషయం ఒకటి నా దగ్గర ఉంది. నేను పాటగాణ్ణి కాను, వినేవాణ్ణి మాత్రమే. అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్లో, మూతపడ్డ ఒక సినిమా హాల్లో, బడి పిల్లలూ బ్యాంకు గుమాస్తాలూ కలిసి నడిపిన ఒక రికార్డు కంపెనీ కథ చెబుతాను. దాని పేరు స్టాక్స్. 1960 నుంచి 1975 దాకా పదిహేనేళ్లు ఆ హాల్లోంచి వచ్చిన పాటలను ప్రపంచం ఇప్పటికీ వింటోంది. ఈ కథ బడి సభలో ఎందుకు చెబుతున్నానో వింటుంటే మీకే తెలుస్తుంది.

ముందు సోల్ సంగీతం అంటే ఏమిటో రెండు మాటలు. అమెరికాలో నల్లజాతి ప్రజల చర్చిల్లో ఆదివారాలు పాడే భక్తిగీతాలకు ఒక పద్ధతి ఉంది. ఒకరు గొంతెత్తి పిలుస్తారు, సభ అంతా బదులు పలుకుతుంది. మన భజనల్లో ఉన్నట్టే. ఆ గొంతునీ ఆ పిలుపునీ తీసుకుని, దేవుడి చోట ప్రియురాలినో ప్రియుణ్ణో పెట్టి, వెనక గట్టి తాళం వేస్తే వచ్చినది సోల్. రే చార్లెస్ లాంటివాళ్లు 1950లలో ఆ దారి వేశారు. 1960లలో ఆ దారిలో రెండు పెద్ద కంపెనీలు నడిచాయి. ఒకటి డెట్రాయిట్‌లోని మోటౌన్, రెండోది మెంఫిస్‌లోని స్టాక్స్.

అక్క ఇల్లు తాకట్టు

కంపెనీ పెట్టినాయన జిమ్ స్టీవార్ట్. తెల్లజాతివాడు. పగలు బ్యాంకులో ఉద్యోగం, సాయంత్రాలు పల్లె బాణీల్లో ఫిడేలు వాయించడం. 1957లో శాటిలైట్ అనే పేరుతో చిన్న రికార్డు కంపెనీ మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకు నల్లవాళ్ల సంగీతంతో పరిచయమే లేదు. డబ్బూ లేదు, యంత్రాలూ లేవు.

ఆయనకు ఒక అక్క, ఎస్టెల్ ఆక్స్‌టన్. తమ్ముడికంటే పన్నెండేళ్లు పెద్ద. ఒకప్పుడు బడిపంతులమ్మ, తర్వాత ఆమె కూడా బ్యాంకు ఉద్యోగిని. 1958లో భర్తను ఒప్పించి, ఇల్లు తాకట్టు పెట్టి 2,500 డాలర్లు తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. ఆ డబ్బుతో ఆంపెక్స్ కంపెనీ టేప్ రికార్డర్ కొన్నారు. ఒకటే ట్రాక్, అంటే మోనో. కొన్నాళ్లు మెంఫిస్‌కి దూరంగా బ్రన్స్‌విక్ అనే పల్లెలో ఒక పాత కొట్టు గదిలో రికార్డింగులు చేశారు. పక్కనే రైలు పట్టాలు. రైలు వస్తే పాట ఆపాల్సిందే.

1960లో మెంఫిస్ నగరంలోనే, మెక్‌లెమోర్ అవెన్యూలో మూతపడిన క్యాపిటల్ థియేటర్ అద్దెకు దొరికింది. అక్కాతమ్ముళ్లు, కుర్రాళ్లు కలిసి కుర్చీలు పీకేశారు. తెర ఉండే వేదిక మీద కంట్రోల్ రూమ్ కట్టారు. హాలు మధ్యలో అడ్డుగోడ లేపారు. గోడలకు వేలాడదీసే మందపాటి పరదాలు ఎస్టెల్ గారే కుట్టారు. నేల మాత్రం అలాగే ఉంచేశారు. సినిమా హాల్లో వెనక ఎత్తుగా, ముందు పల్లంగా ఉంటుంది కదా, దాన్ని చదును చేయించే స్తోమత వాళ్లకు లేదు. ఆ వాలు నేల సంగతి మళ్లీ చెబుతాను.

బయట పాప్‌కార్న్ అమ్మే చోట ఎస్టెల్ రికార్డుల షాపు తెరిచారు. ఆ పేట అప్పటికే నల్లజాతి కుటుంబాల పేటగా మారిపోయింది. సాయంత్రమైతే పిల్లలు షాపులో చేరి రికార్డులు వేయించుకుని వినేవారు. కొనకపోయినా ఆమె పొమ్మనేది కాదు. ఏ పాటకు కాళ్లు కదులుతున్నాయి, ఏది మళ్లీ వేయమంటున్నారు, ఎందుకు నచ్చింది అని అడిగి తెలుసుకునేది. లోపల స్టూడియోలో తయారైన పాటను ముందు షాపులో వేసి చూసేది. ఈ రోజుల్లో మార్కెట్ సర్వే అని పెద్ద కంపెనీలు చేసే పని, ఆమె కౌంటరు వెనక నిలబడి చేసింది. వాళ్ల మొదటి పెద్ద హిట్లలో ఒకటైన 'లాస్ట్ నైట్' 1961లో విడుదలైంది. తమ్ముడికి దాని మీద అంత నమ్మకం లేకపోయినా ఆమె పట్టుబట్టి విడుదల చేయించింది. అమెరికా మొత్తం పాప్ జాబితాలో అది మూడో స్థానానికి వెళ్లింది.

ఆ ఏడాదే శాటిలైట్ పేరుతో కాలిఫోర్నియాలో ఇంకో కంపెనీ ఉందని తేలింది. పేరు మార్చక తప్పలేదు. స్టీవార్ట్‌లో మొదటి రెండక్షరాలు, ఆక్స్‌టన్‌లో మొదటి రెండక్షరాలు కలిపారు. స్టాక్స్ అయింది. తమ్ముడి పేరులో సగం, అక్క పేరులో సగం.

ఒక బడి, ఒక మాస్టారు

ఇప్పుడు మన సభకు సంబంధించిన భాగం.

ఆ హాలుకి దగ్గర్లో బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్ అని ఒక ప్రభుత్వ బడి ఉంది. ఆ రోజుల్లో మెంఫిస్‌లో నల్ల పిల్లలకు వేరే బడి, తెల్ల పిల్లలకు వేరే బడి. ఇది నల్ల పిల్లల బడి. అందులో చరిత్ర పాఠం చెప్పే నాట్ డి. విలియమ్స్ అనే మాస్టారు ఉండేవారు. పగలు పాఠాలు. బడి అయ్యాక రేడియో. 1948లో మెంఫిస్‌లోని డబ్ల్యు.డి.ఐ.ఎ. స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని, ఆ ఊరి మొదటి నల్లజాతి రేడియో వ్యాఖ్యాత అయ్యారు. బీల్ స్ట్రీట్‌లోని ప్యాలెస్ థియేటర్‌లో కొత్తవాళ్ల పాటల పోటీలు నిర్వహించేవారు. ఆయన పక్కన నిలబడి జనాన్ని నవ్వించిన కుర్రాడు రూఫస్ థామస్, అదే బడి విద్యార్థి. ఆ రూఫస్ థామస్ 1960లో కూతురు కార్లాను వెంటబెట్టుకుని క్యాపిటల్ థియేటర్ తలుపు తట్టాడు. తండ్రీ కూతుళ్లు కలిసి పాడిన 'కాజ్ ఐ లవ్ యూ' ఆ హాల్లో మొదటి చెప్పుకోదగ్గ రికార్డు. న్యూయార్క్‌లోని అట్లాంటిక్ రికార్డ్స్ కంపెనీ కన్ను మెంఫిస్ మీద పడింది దానివల్లే.

ఆ రికార్డింగుకి బారిటోన్ శాక్సఫోన్ వాయించేవాళ్లు కావలసి వచ్చింది. ఆ పేటలోనే ఉండే డేవిడ్ పోర్టర్ అనే కుర్రాడు బుకర్ టి. వాషింగ్టన్ బడికి వెళ్లి, తరగతిలో కూర్చున్న ఒక పిల్లాణ్ణి బయటికి పిలుచుకొచ్చాడు. బడి వాద్యాన్నే చంకన పెట్టుకుని ఆ పిల్లాడు స్టూడియోకి వచ్చి వాయించాడు. గురువులు క్షమించాలి, క్లాసు ఎగ్గొట్టడాన్ని నేను సమర్థించడం లేదు. ఆ పిల్లాడి పేరు బుకర్ టి. జోన్స్. ఆ బడిలోనే వాళ్ల నాన్నగారు సైన్సు చెప్పేవారు.

పిలుచుకొచ్చిన డేవిడ్ పోర్టర్ తర్వాత ఐజాక్ హేస్‌తో కలిసి పాటలు రాశాడు. ఐజాక్ హేస్ మనాసస్ హైస్కూల్ విద్యార్థి. పేదరికం వల్ల చదువు మధ్యలో ఆగి, ఇరవై దాటాక పాఠశాల చదువు పూర్తి చేసినవాడు. ఆ మనాసస్ బడిలో 1920లలోనే జిమ్మీ లన్స్‌ఫోర్డ్ అనే మాస్టారు పిల్లలతో బ్యాండు కట్టి దేశమంతా పేరు తెచ్చారు. అంటే స్టాక్స్ పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందే ఆ ఊరి బడుల్లో వాద్యాలున్న గది ఉంది, ఆ గది తాళం పిల్లలకు ఇచ్చే మాస్టార్లు ఉన్నారు. స్టాక్స్ సంగీతానికి ఎరువు అక్కడ పడింది.

ఇంకోవైపు స్టీవ్ క్రాపర్, డొనాల్డ్ 'డక్' డన్ అనే ఇద్దరు తెల్ల కుర్రాళ్లు మెసిక్ హైస్కూల్ విద్యార్థులు. ఆ బడి పిల్లలూ ఈ బడి పిల్లలూ ఒక బెంచీ మీద కూర్చునే అవకాశం ఆ ఊళ్లో లేదు. కలిసి భోజనం చేసే హోటలూ లేదు. సినిమా హాలు తలుపు లోపల మాత్రం కలిశారు. బుకర్ టి. జోన్స్ ఆర్గన్, స్టీవ్ క్రాపర్ గిటారు, అల్ జాక్సన్ డ్రమ్స్, లూయీ స్టైన్‌బర్గ్ బేస్. కొన్నాళ్లకు స్టైన్‌బర్గ్ స్థానంలో డక్ డన్. ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. దాని పేరు బుకర్ టి. అండ్ ది ఎం.జి.స్. వచ్చిన ప్రతి గాయకుడికీ వెనక వాయించిన ఆస్థాన బృందం ఇదే.

1962లో ఒక రోజు ఎవరిదో రికార్డింగు ముందుకు సాగలేదు. బృందం ఖాళీగా ఉంది. ఊరికే వాయించుకుంటుంటే జిమ్ స్టీవార్ట్ టేపు మీద ఎక్కించాడు. రికార్డుకి రెండో వైపు ఏదో ఒకటి ఉండాలి కదా అని ఇంకో బాణీ వాయించారు. దాని పేరు 'గ్రీన్ ఆనియన్స్', అంటే ఉల్లికాడలు. క్రాపర్ దాన్ని రేడియో స్టేషన్‌కి పట్టుకెళ్లి వేయిస్తే ఫోన్లు మోగడం ఆగలేదు. మాట లేని ఆ బాణీ పాప్ జాబితాలో మూడో స్థానానికి వెళ్లింది. అప్పటికి బుకర్ టి. జోన్స్ వయసు 17. ఇంత పేరు వచ్చినా అతను చదువు మానలేదు. ఇండియానా విశ్వవిద్యాలయంలో సంగీతం చదవడానికి వెళ్లి, సెలవుల్లో వచ్చి వాయించి వెళ్లేవాడు. పట్టా పుచ్చుకున్నాకే పూర్తిగా తిరిగొచ్చాడు. పిల్లలూ, ఈ వాక్యం మీ కోసం.

ఆ శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇప్పుడు కార్యదర్శి గారి షరతు ప్రకారం సాంకేతికం. ఎవరూ లేవకండి, పది నిమిషాలే.

స్టాక్స్ పాట విన్నవాళ్లు రెండు నిమిషాల్లో గుర్తుపడతారు. దానికి నాకు తోచిన కారణాలు నాలుగు.

మొదటిది ఆ గది. గదిలో ఎదురెదురు తలాలు సమాంతరంగా ఉంటే శబ్దం వాటి మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటుంది. కొన్ని స్వరాలు ఉబ్బిపోతాయి, కొన్ని పడిపోతాయి. ఖాళీ గదిలో చప్పట్లు కొడితే గణగణమంటుందే, అది. క్యాపిటల్ థియేటర్‌లో నేల వాలుగా ఉంది, కప్పు ఎత్తుగా ఉంది. ఆ రెండూ సమాంతరం కావు. అందుకని శబ్దం ఒక్కచోట నిలవకుండా పరుచుకునేది. చిన్న గదుల్లో ఉండే ఇరుకు దాంట్లో ఉండదు. బేస్, డ్రమ్స్ నిండుగా వినిపించేవి. నేల చదును చేయించడానికి డబ్బు లేకపోవడం ఆ సంగీతానికి కలిసొచ్చింది.

రెండోది, అందరూ ఒకేసారి వాయించడం. గాయకుడు, డ్రమ్స్, గిటారు, బూరలు అన్నీ ఒకే హాల్లో, ఒకే సమయంలో, ఒకే ట్రాక్ మీద. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాలి. ఆ కాలంలో మద్రాసు స్టూడియోల్లో మన సినిమా పాటలు రికార్డయినదీ ఇలాగే. ఘంటసాల గారు, సుశీల గారు పాడుతుంటే వాద్యబృందమంతా అక్కడే కూర్చుని వాయించేది. ఏ మైకు ఎంత ఉండాలో అప్పటికప్పుడే తేల్చాలి, తర్వాత దిద్దడం ఉండదు. 1965లో అట్లాంటిక్ కంపెనీ ఇంజనీరు టామ్ డౌడ్ వచ్చి రెండు ట్రాకుల యంత్రం పెట్టేదాకా స్టాక్స్ మోనోలోనే నడిచింది. ఈ డౌడ్ గారు కుర్రతనంలో అణుబాంబు తయారు చేసిన మాన్‌హాటన్ ప్రాజెక్టులో పనిచేసి, ఆ తర్వాత పాటల వైపు వచ్చిన మనిషి. ఇంజనీర్లకు ఇలాంటి దారి కూడా ఉందని తెలిసి నాకు భలే సంతోషం వేసింది.

మూడోది తాళం. నాలుగు దెబ్బల తాళంలో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద బలం పెట్టడం ఈ సంగీతం పద్ధతి. స్టాక్స్‌లో ఆ రెండు దెబ్బలూ రవ్వంత ఆలస్యంగా పడతాయి. తాళం తప్పదు, కానీ పడాల్సిన చోట పడకుండా ఒక్క క్షణం ఊరించి పడుతుంది. 1965లో విల్సన్ పికెట్ అనే గాయకుడి 'ఇన్ ది మిడ్‌నైట్ అవర్' రికార్డింగు జరుగుతుంటే, అట్లాంటిక్ పెద్ద జెర్రీ వెక్స్‌లర్ కంట్రోల్ రూమ్‌లోంచి బయటికొచ్చి, అప్పట్లో కుర్రకారు వేస్తున్న ఒక డాన్సు తాళం ఎక్కడ పడుతుందో స్వయంగా ఆడి చూపించాడు. అల్ జాక్సన్, స్టీవ్ క్రాపర్ అది పట్టుకున్నారు. గది పరిమాణం కూడా దీనికి తోడు. శబ్దం మిల్లీ సెకనుకి సుమారు ఒక అడుగు ప్రయాణిస్తుంది. ఇద్దరు వాద్యకారులు 30 అడుగుల దూరంలో ఉంటే, ఒకరి దెబ్బ ఇంకొకరి చెవిని చేరడానికి దాదాపు 27 మిల్లీ సెకన్లు పడుతుంది. అంత పెద్ద హాల్లో కలిసి వాయించాలంటే చెవిని మాత్రమే నమ్ముకుంటే చాలదు. అవతలివాడి చెయ్యి చూడాలి. క్రాపర్, జాక్సన్ ఒకరినొకరు చూసుకుంటూ వాయించేవారు.

నాలుగోది ఖాళీ. ఈ పాటల్లో ఎవరూ అవసరం లేని స్వరం వాయించరు. క్రాపర్ గిటారు ఒక ముక్క పలికి ఆగిపోతుంది. వెనక పాడే బృందగానం చాలా పాటల్లో ఉండదు. ఆ బదులు పలికే పని ట్రంపెట్, శాక్సఫోన్లది. వేన్ జాక్సన్, ఆండ్రూ లవ్ లాంటి వాద్యకారులకు కాగితం మీద రాసిచ్చే స్వరాలు లేవు. అందరూ నిలబడి అక్కడికక్కడే కట్టేవారు. ఓటిస్ రెడ్డింగ్ అయితే బూరలు ఏం వాయించాలో నోటితో పాడి వినిపించేవాడు.

డెట్రాయిట్‌లో మోటౌన్ పద్ధతి దీనికి వేరు. దాన్ని స్థాపించిన బెర్రీ గోర్డీ ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. పాటను కూడా అదే క్రమశిక్షణతో, దశలు దశలుగా తయారు చేసి, విడుదలకు ముందు నాణ్యత పరీక్షకు సమావేశం పెట్టేవాడు. ఆ భవనం మీద 'హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.' అని రాసి ఉండేది. దానికి జవాబుగా మెంఫిస్ వాళ్లు సినిమా పేర్లు పెట్టే బోర్డు మీద 'సోల్స్‌విల్ యు.ఎస్.ఎ.' అని అక్షరాలు పెట్టారు. రెండూ గొప్పవే. మోటౌన్ పాట ఇస్త్రీ చేసిన చొక్కా. స్టాక్స్ పాట పనిలో చెమట పట్టిన చొక్కా.

కారు తోలుకొచ్చినవాడు

ఓటిస్ రెడ్డింగ్ పేరు వచ్చింది కాబట్టి అతని సంగతి చెప్పాలి. జార్జియా రాష్ట్రంలోని మేకన్ ఊరి కుర్రాడు. 1962లో జానీ జెంకిన్స్ అనే గిటారిస్టుని రికార్డింగుకి మెంఫిస్ తీసుకొచ్చాడు, డ్రైవరుగా. ఆ రికార్డింగు సరిగా రాలేదు. చివర్లో కొంచెం టైము మిగిలింది. ఈ డ్రైవరు కూడా పాడతాడట, ఒకసారి వినండి అన్నారు. క్రాపర్ పియానో ముందు కూర్చున్నాడు. ఓటిస్ 'దీజ్ ఆర్మ్స్ ఆఫ్ మైన్' పాడాడు. ఆ తర్వాత ఐదేళ్లు స్టాక్స్‌కి అతనే ముఖం. అరీతా ఫ్రాంక్లిన్ పాడి జగమంతా తెలిసిన 'రెస్పెక్ట్' అతను రాసి, ముందు అతను పాడిన పాటే.

ఇంటికెళ్లాక అతని 'ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్' వినండి. నెమ్మదిగా, గుసగుసలా మొదలవుతుంది. అల్ జాక్సన్ డ్రమ్ము అంచు మీద గడియారంలా టిక్కుటిక్కుమంటాడు. పాట ఎక్కడ వేగం పుంజుకుందో తెలియకుండానే మీరు కుర్చీలోంచి లేస్తారు. నేను చెప్పిన నాలుగు కారణాలూ ఆ ఒక్క పాటలో వినిపిస్తాయి.

ఆరు నెలలు

1967 డిసెంబరు 10న విస్కాన్సిన్‌లోని మొనోనా సరస్సులో ఓటిస్ రెడ్డింగ్ విమానం కూలిపోయింది. అతనికి 26 ఏళ్లు. అతనితోపాటు బార్-కేస్ అనే బృందంలోని నలుగురు కుర్రాళ్లు చనిపోయారు. ఆ బృందంలో చాలామంది బుకర్ టి. వాషింగ్టన్ బడి నుంచి ఆ ఏడే బయటికొచ్చిన పిల్లలు. వాళ్లలో బెన్ కాలీ ఒక్కడే ఆ నీళ్లలోంచి బతికి బయటపడ్డాడు. వేరే విమానంలో వచ్చిన జేమ్స్ అలెగ్జాండర్ మిగిలాడు. వాళ్లిద్దరూ తర్వాత బృందాన్ని మళ్లీ నిలబెట్టారు. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు ఓటిస్ పాడిన 'డాక్ ఆఫ్ ది బే' పాటకు, క్రాపర్ దుఃఖం దిగమింగుకుని సముద్రపు హోరు, పక్షుల అరుపులు కలిపి పూర్తి చేశాడు. 1968లో అది అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది.

1968 ఏప్రిల్ 4న, అదే మెంఫిస్‌లో, పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను లొరేన్ మోటెల్‌లో కాల్చి చంపారు. ఆ మోటెల్ స్టాక్స్‌వాళ్లకు సొంతిల్లు లాంటిది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూర్చోగలిగే కొద్ది చోట్లలో అదొకటి. 'మిడ్‌నైట్ అవర్', 'నాక్ ఆన్ వుడ్' అక్కడి గదుల్లో కూర్చుని రాసినవే. ఆ రాత్రి తర్వాత ఊరు మారిపోయింది. హాల్లోపలి స్నేహాలు కూడా మునుపటిలా మిగల్లేదు.

ఆ మే నెలలోనే మూడో దెబ్బ. అట్లాంటిక్‌తో ఏళ్ల తరబడి వ్యవహారం నోటి మాట మీద నడిచింది. 1965లో కాగితం మీద ఒప్పందం రాశారు. జిమ్ స్టీవార్ట్ నమ్మకంతో, పూర్తిగా చదవకుండా సంతకం పెట్టాడు. అట్లాంటిక్‌ను వార్నర్ సంస్థ కొనేశాక, విడిపోదామని కాగితం తీసి చూస్తే, అట్లాంటిక్ పంపిణీ చేసిన స్టాక్స్ పాటలన్నిటి అసలు టేపుల మీద హక్కు అట్లాంటిక్‌దే అని అందులో ఉంది. ఓటిస్ రెడ్డింగ్ పాటలు పోయాయి. 'గ్రీన్ ఆనియన్స్' పోయింది. శామ్ అండ్ డేవ్ జంట కూడా అట్లాంటిక్‌కే వెళ్లిపోయారు. ఇల్లు తాకట్టు పెట్టి మొదలుపెట్టిన ఏళ్ల కష్టం ఒక్క షరతులో పోయింది. ఈ సభలో కాంట్రాక్టులు రాసేవాళ్లూ, సంతకాలు పెట్టేవాళ్లూ చాలామంది ఉన్నారు. నేను వేరే చెప్పనక్కర్లేదు.

మళ్లీ లేచి, మళ్లీ పడి

అక్కడితో మూసేస్తారనుకున్నారు అందరూ. 1965లో ప్రచార విభాగానికి వచ్చిన అల్ బెల్ అనే నల్లజాతి యువకుడు ఒప్పుకోలేదు. పాత పాటలు పోతే కొత్త పాటలతో గోదాము నింపుదాం అన్నాడు. 1969లో ఒకేసారి 27 ఆల్బమ్‌లు విడుదల చేశారు. వాటిలో ఐజాక్ హేస్ చేసిన 'హాట్ బటర్డ్ సోల్' ఆల్బమ్‌లో ఉన్నవి నాలుగే పాటలు. ఒకటి 18 నిమిషాలు దాటుతుంది. రేడియో వాళ్లు మూడు నిమిషాల పాటలే వేసే రోజుల్లో ఇది సాహసం. జనం విరగబడి కొన్నారు. 'షాఫ్ట్' సినిమా పాటకు 1972లో హేస్ ఆస్కార్ అందుకున్నాడు. ఆ విభాగంలో గెలిచిన మొదటి నల్లజాతి సంగీతకర్త అతనే.

అదే సంవత్సరం ఆగస్టు 20న లాస్ ఏంజెలిస్ కొలీజియంలో 'వాట్‌స్టాక్స్' కచేరీ పెట్టారు. 1965లో వాట్స్ పేటలో జరిగిన అల్లర్లను గుర్తుచేసుకుంటూ జరిపిన సభ అది. పేదవాడు కూడా రావాలని టికెట్టు ఒక్క డాలరే పెట్టారు. లక్ష మందికి పైగా వచ్చారు.

తర్వాతి పతనం త్వరగా చెప్పేస్తాను. 1972లో సి.బి.ఎస్.తో పంపిణీ ఒప్పందం కుదిరింది. కుదిర్చినాయన మరుసటి ఏడు ఆ సంస్థలో లేకుండా పోయారు. రికార్డులు దుకాణాలకు సరిగా చేరలేదు. బ్యాంకు అప్పులు పెరిగాయి. ఎప్పుడో సొంతంగా తప్పుకోదగ్గ జిమ్ స్టీవార్ట్ తన ఆస్తి కంపెనీలో పెట్టి అదీ పోగొట్టుకున్నాడు. 1975 అక్టోబరులో అల్ జాక్సన్‌ను ఇంట్లోనే ఎవరో కాల్చి చంపారు. డిసెంబరులో కోర్టు ఉత్తర్వుతో సినిమా హాలుకి తాళం పడింది. ఆ భవనం పాడుబడి, 1989లో కూల్చేశారు. కొన్నేళ్లు ఆ స్థలంలో గడ్డి తప్ప ఏమీ లేదు.

ఖాళీ స్థలంలో బడి

కథ ఇక్కడ ముగిస్తే ఈ వేదిక మీద చెప్పేవాణ్ణి కాదు. ఆ పేటవాళ్లు, ఊరివాళ్లు, పాత కళాకారులు కలిశారు. 2000లో ముందుగా పిల్లలకు సంగీతం నేర్పే స్టాక్స్ మ్యూజిక్ అకాడమీ మొదలైంది. 2003లో అదే స్థలంలో పాత హాలు నమూనాలోనే మ్యూజియం కట్టారు. స్టూడియో నేలను చదునుగా పోయలేదు, పనిగట్టుకుని వాలుగా కట్టారు. అప్పుడు డబ్బు లేక వదిలేసిన వాలు, ఇప్పుడు డబ్బు ఖర్చుపెట్టి కట్టిన వాలు. 2005లో పక్కనే సోల్స్‌విల్ చార్టర్ స్కూల్ తెరిచారు. ఆ పేట పిల్లలు ఇప్పుడు అక్కడ చదువుకుంటున్నారు, వాయిస్తున్నారు. 2004లో కన్నుమూసిన ఎస్టెల్ గారు మ్యూజియం తెరవడం చూశారు.

వరస గమనించండి. ముందు పిల్లల సంగీతం, తర్వాత మ్యూజియం. స్మారకం కంటే ముందు పిల్లల చేతికి వాద్యం ఇచ్చారు.

ఇక నా మనవి. మన స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలని కమిటీలో చర్చ జరుగుతోంది. స్వాగత ద్వారం కట్టి, దాతల పేర్లు పాలరాయి మీద చెక్కించాలన్నది ఒక ప్రతిపాదన. పెద్దల మాట కాదనను. కానీ మన రోజుల్లో మూలగదిలో ఒక హార్మోనియం, ఒక తబలా జత, పంద్రాగస్టు పెరేడ్‌కి డ్రమ్ములు ఉండేవి. సంగీతం పీరియడ్ అని టైమ్ టేబుల్లో ఉండేది. ఇప్పుడు ఆ గదిలో విరిగిన బెంచీలు ఉన్నాయి. ఆ పీరియడ్‌లో లెక్కల రివిజన్ జరుగుతోంది. నేను లెక్కలతో బతికినవాణ్ణి, లెక్కల మీద నాకు కోపం లేదు. అయినా అడుగుతున్నాను. ద్వారం ఎత్తు కొంచెం తగ్గిద్దాం. మిగిలిన డబ్బుతో ఆ గది బాగుచేసి, నాలుగు వాద్యాలు కొని, సాయంత్రం రెండు గంటలు ఒక మాస్టారు ఉండేలా చూద్దాం. గదికి కావాల్సిన విద్యుత్ పని, శబ్దం ప్రతిధ్వనించకుండా గోడల పని, నేనూ నా బ్యాచ్ మిత్రులు ఇద్దరూ చేసిపెడతాం. కూలి అడగం.

ఆ గదిలోంచి ఓటిస్ రెడ్డింగ్ రాకపోవచ్చు. ఎస్టెల్ ఆక్స్‌టన్ షాపులో చేరిన పిల్లల్లో కూడా అందరూ గాయకులు కాలేదు. ఆమె మాత్రం తలుపు వేయలేదు. నాట్ విలియమ్స్ మాస్టారు పాఠం అయిపోయిందని ఇంటికి వెళ్లిపోలేదు. మన మాస్టార్లు కూడా అలాంటివాళ్లే. సాయంత్రం ఆరుదాకా మాకోసం ఉండిపోయినవాళ్లు ఈ వేదిక మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే ఈ మాట అడగాలని ఇంతసేపు మెంఫిస్ చుట్టూ తిప్పాను.

సర్వసభ్య సమావేశం రేపు ఉదయం పది గంటలకు. ద్వారం కావాలన్నవాళ్లూ, గది కావాలన్నవాళ్లూ అందరూ రండి.